హజ్రత్ వాకిట ముగ్గురు కాపలాదార్లు

గురువుగారి ఇంట్లో కంప్యూటర్‌కి వైరస్ పట్టిందన్న దిగులు దస్తగిరిని ఆ వారమంతా వదల్లేదు.

ఆదోని బజారులో సెల్‌ఫోన్లకు కవర్లూ అద్దాలూ అమ్మే చిన్న దుకాణం అతనిది. సూఫీ గురువు హజ్రత్ ఫకృద్దీన్ సాహెబు దగ్గర కుర్రతనంలో శిష్యుడిగా చేరాడు. ఇప్పుడు గడ్డం నెరుస్తోంది. హజ్రత్ ఇంట్లో మోటారు ఆగినా, మిక్సీ మొరాయించినా ముందు వినబడేది అతని పేరే. ఆ పిలుపంటే అతనికి లోపల్లోపల గర్వం.

ముందుగదిలో ఉన్న కంప్యూటర్ మీద హజ్రత్ మనవరాలు నౌషీన్ చీరల డిజైన్లు గీస్తుంది. ఒకరోజు తెర మూలన ఎర్రటి పెట్టె ఒకటి వచ్చింది. "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది. వైరస్‌ను వెంటనే తొలగించండి." నౌషీన్ భయపడి ఫోన్ చేసింది. దస్తగిరి దుకాణం మూసి మరీ వచ్చాడు. వైరస్‌ను పట్టే ప్రోగ్రామ్ ఒకటి వేశాడు.

ఎర్ర పెట్టె పోలేదు. రెండోది వేశాడు. అయినా పోలేదు. తెలిసినవాడి దగ్గర పెన్‌డ్రైవ్‌లో మూడోది తెచ్చి వేశాడు.

ఆ తర్వాత ఒక బొమ్మ తెరవాలంటే, టీ తాగి గ్లాసు కడిగి వచ్చేంత సేపు పట్టేది. కానీ రోజూ పొద్దున అతను వచ్చి కూర్చోగానే, ఆ మూడూ పోటీపడి "పట్టుకున్నాం, పట్టుకున్నాం" అని చూపించేవి. దస్తగిరి పేర్లు చదవకుండానే అన్నిటినీ తీసెయ్యమని నొక్కేవాడు. తెల్లారేసరికి అవి మళ్లీ ప్రత్యక్షం.

"చూశావా బేటీ, ఎన్ని దొరుకుతున్నాయో! నేను చూసుకోకపోతే ఏమయ్యేది?"

"మీరు చూడకముందు బొమ్మలన్నా తెరుచుకునేవి మామూ" అంది నౌషీన్.

ఆదివారం వచ్చింది. సాయంత్రం ఐదింటిలోపు ఆ పిల్ల తన డిజైన్లన్నీ ఒకే మూటగా కట్టి కాలేజీకి పంపాలి. పంపకపోతే ఈ ఏటికి సీటు లేనట్టే. మూట కట్టింది గానీ అది కదలడం లేదు. ఒక ప్రోగ్రామ్ తనిఖీ చేసి వదిలితే రెండోది పట్టుకుంటోంది. రెండోది వదిలితే మూడోది. మూడోది వదిలేసరికి మొదటిదానికి మళ్లీ అనుమానం. పొద్దుటి నుంచీ అదే తంతు. నౌషీన్ కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏడవద్దు బేటీ. ఇంకా గట్టిది తెచ్చినా" అన్నాడు దస్తగిరి, జేబు తడుముకుంటూ.

కిటికీ దగ్గర వెల్లుల్లి ఒలుస్తున్న హజ్రత్ తలెత్తాడు.

"ఇంకోటి పెడితే ముందువి తీసేస్తావా?"

"తీసేస్తే ఎట్ల హజ్రత్? ఉన్నవి ఉంటాయి. ఇది వాటి మీద."

"కాపలా మీద కాపలా."

"అంతే హజ్రత్! ఇల్లన్నాక కాపలా ఉండాల కదా."

హజ్రత్ ఒలిచిన రెబ్బల్ని గిన్నెలో వేసి, చేతులు దులుపుకున్నాడు.

"నిజమే. మన వాకిట్లో ఒక్కడూ లేడు, ఎప్పుడూ తోచనే లేదు. నువ్వు ఇంకోటి పెట్టే ముందు కాసేపు వెళ్లి గడప దగ్గర నిలబడు బేటా. తెలుసుకోకుండా ఎవర్నీ వదలొద్దు. ఎవరి మీద అనుమానం వచ్చినా ఆపు. నేను పెట్టానని మాత్రం ఎవరికీ చెప్పకు. తెలిస్తే దొంగ జాగ్రత్త పడతాడు."

ఇంతమందిలో తననే నమ్మి చెప్పాడని దస్తగిరి ఛాతీ విరుచుకుని గడపలో నిలబడ్డాడు. హజ్రత్ నమాజుకని మసీదుకి వెళ్లాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎవరొచ్చినా అన్నం పెడతారు. వంట జరిగేది పక్క సందులో, కట్టెల పొయ్యి మీద. గుండిగలు వీధి గేటులోంచి, మెట్లెక్కి, గడప దాటి లోపలి హాల్లోకి రావాలి. వేరే దారి లేదు.

కాసేపటికి దస్తగిరి గమనించాడు. గేటు దగ్గర రేషన్ దుకాణం ఓబులేసు నిలబడి వచ్చేవాళ్లని ఆపుతున్నాడు. ఓబులేసూ హజ్రత్ శిష్యుడే. కానీ ఇదేం పని? మెట్ల మీద ఆటో నడిపే చాంద్ బాషా చేతులు చాపి నిలుచున్నాడు. అతనికి ఇక్కడేం పని?

దస్తగిరికి అనుమానం వచ్చింది. దిగి వెళ్లాడు.

"ఓబులేసన్నా, ఏం చేస్తాండావు ఈడ?"

"నీకెందుకప్పా చెప్పాల? నువ్వేం చేస్తాండావు?"

"అది నేను అడగాల."

"ఇద్దరూ ఆగండి" అన్నాడు చాంద్ బాషా మెట్ల మీంచి. "ముందు నాకు చెప్పండి."

"నీకు చెప్పడానికి నువ్వెవరు భాయ్?"

"అడిగితే కోపమొస్తాంది చూడు. కోపమొచ్చిందంటే ఏదో ఉన్నట్టే!"

ఇంతలో వంట చేసే మస్తానమ్మా, ఆమె చెల్లెలూ దాల్చా పులుసు గుండిగ మోసుకొచ్చారు. ఓబులేసు ఆపి మూత ఎత్తి చూశాడు. పంపాడు. మెట్ల దగ్గర చాంద్ బాషా మూత ఎత్తి చూశాడు. గడపలోకి తిరిగొచ్చిన దస్తగిరి కూడా ఎత్తాడు.

"దాల్చా చూస్తాండారా, పెళ్లికూతుర్ని చూస్తాండారా?" అంది మస్తానమ్మ. "ఒకని వెనక ఒకడు ముసుగు తీస్తాండారే!"

లోపలికి అడుగు పెట్టబోతుంటే ఓబులేసు కేకేశాడు. "వెనక్కి తీసుకురా మస్తానమ్మా! ఆ ఇద్దరూ చెయ్యి పెట్టినారు. మళ్లీ చూడాల."

గుండిగ గేటు దాకా వెళ్లి, మళ్లీ బయల్దేరింది. ఈసారి చాంద్ బాషాకి ఓబులేసు చూసిన చూపు నచ్చలేదు. మెట్ల మీదే ఆపేశాడు. మస్తానమ్మ గుండిగని అక్కడే దించి, పక్కన కూర్చుని, కొంగుతో విసురుకోసాగింది.

గేటు బయట జనం పోగయ్యారు. పత్తి మార్కెట్ హమాలీలు, బొంతలు కుట్టే ఆడవాళ్లు, బళ్లారి బస్సు దిగి నేరుగా వచ్చిన ముసలాయన.

"లోపల మంత్రిగారు తింటాండారా ఏంది?"

"మంత్రిగారైనా ఈపాటికి చెయ్యి కడుక్కునేటోడు!"

దస్తగిరి చూపు మాత్రం జనం మీద లేదు. ఓబులేసు మీద ఒక కన్ను, చాంద్ బాషా మీద ఒక కన్ను. వాళ్లిద్దరూ కూడా జనాన్ని చూడటం ఎప్పుడో మానేశారు.

నమాజు ముగించుకుని హజ్రత్ వచ్చాడు. జనం పక్కకి తప్పుకున్నారు. గేటులో అడుగు పెడుతుంటే, అటు తిరిగి చాంద్ బాషానే చూస్తున్న ఓబులేసు వెనక్కి చూడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ఎవరు నువ్వు?"

"అదే నేనూ రోజూ అడుక్కుంటుంటాను బాబూ. ఇంకా తెలియలేదు" అన్నాడు హజ్రత్.

ఓబులేసు చెయ్యి దానంతటదే దిగిపోయింది. గేటు బయట ఎవరో కిసుక్కుమన్నారు.

"సరే, నేను కాపలా పెడితే ఎవర్ని పట్టుకున్నారో చెప్పండి" అన్నాడు హజ్రత్, ముగ్గుర్నీ చూస్తూ.

"వీళ్లిద్దర్నీ" అన్నాడు ఓబులేసు.

"వాళ్లిద్దర్నీ" అన్నాడు చాంద్ బాషా.

దస్తగిరి నోరు తెరిచాడు. తను చెప్పబోయేదీ అదే మాట. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

మెట్ల మీద మస్తానమ్మ పడీపడీ నవ్వింది. జనం అందుకున్నారు. చివరికి ఆ ముగ్గురికీ కూడా నవ్వాగలేదు.

"ఓబులేసూ, నువ్వు విస్తళ్లు వెయ్యి. చాంద్, నువ్వు నీళ్లందుకో" అన్నాడు హజ్రత్. ఇద్దరూ లోపలికి వెళ్లారు. జనం వాళ్ల వెనకే వెళ్లారు. గుండిగ ఏ ఆటంకమూ లేకుండా గడప దాటింది.

దస్తగిరి ఒక్కడే మిగిలాడు. హజ్రత్ అతనికి ఏ పనీ చెప్పలేదు. భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, లోపలికి వెళ్లిపోయాడు.

దస్తగిరి ముందుగదిలోకి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "పట్టుకున్నాం" అన్నవాటి పేర్లు మొదటిసారి చదివాడు. మొదటిది పట్టుకున్నది రెండోదాన్నీ మూడోదాన్నీ. రెండోది పట్టుకున్నది మిగతా రెంటినీ. మూడోదీ అంతే. వేరే పేరు ఒక్కటి లేదు.

"ఏమైంది మామూ?" అంది నౌషీన్.

అతను రెండోదాన్ని తీసేశాడు. మూడోదాన్నీ తీసేశాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. మిగిలిన ఒక్కటీ అంతా కలియతిరిగి, ఏ వైరసూ లేదంది.

మరి ఆ ఎర్ర పెట్టె? వెతికితే అదీ దొరికింది. ఏదో వెబ్‌సైట్ "మీకు కబుర్లు పంపమంటారా?" అని అడిగింది. ఇక్కడ కూర్చున్నవాళ్లెవరో "సరే" అని నొక్కారు. అప్పటి నుంచీ అది ఇష్టం వచ్చినట్టు బెదిరిస్తోంది. అది క్రికెట్ చూపించే వెబ్‌సైట్.

"ఈ ఇంట్లో క్రికెట్ ఎవరు చూస్తారు మామూ?" అంది నౌషీన్ అమాయకంగా.

"నేనే బేటీ" అన్నాడు దస్తగిరి. ఇకమీదట కబుర్లు వద్దని నొక్కాడు. ఎర్ర పెట్టె మళ్లీ రాలేదు.

నౌషీన్ డిజైన్ల మూట మళ్లీ పంపింది. తెర మీద నీలం గీత నెమ్మదిగా నిండుతుంటే ఇద్దరూ చూశారు. నాలుగు కాకముందే కాలేజీ నుంచి జవాబొచ్చింది, మీ డిజైన్లు అందాయని. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి గిర్రున తిరిగి, "దాదీ!" అంటూ నానమ్మకి చెప్పడానికి వంటింట్లోకి పరిగెత్తింది.

దస్తగిరి హాల్లోకి వచ్చేసరికి అందరూ తిని వెళ్లిపోయారు. అతని కోసం ఒక్క విస్తరి ఉంది. హజ్రత్ తనే వడ్డించాడు. దాల్చా చల్లారిపోయింది. అయినా దస్తగిరి మారు వడ్డించుకున్నాడు.

చెయ్యి కడుక్కుంటూ అడిగాడు. "ఒక్కటే ఉంచినా హజ్రత్. చాలంటారా? మళ్లీ ఏదన్నా దూరితే?"

"తలుపు ఎందుకు పెడతారు బేటా?"

"మూసుకోవడానికి హజ్రత్."

"మూసుకోవడానికైతే గోడ చాలదా?" అని హజ్రత్ ఖాళీ విస్తరి మడిచి, ఎత్తుకుని లేచాడు.