నాలుగో క్లిప్పు మర్యాద

కారును ఎవరూ తోయడానికి వీల్లేదని రాజావారు సెలవిచ్చారు.

గుమ్మలూరు సంస్థానాధీశులు వీరభద్ర బహద్దూర్ గారికి ఆ కారంటే ప్రాణం. ఆ పొద్దున అది మొండికేసింది. మీట నొక్కితే టిక్కుమంటుంది తప్ప ఉలకదు, పలకదు. సాయంత్రం నాలుగింటి రైలుకు కలెక్టరు దొర దిగుతున్నాడు. ఆ కారులోనే ఎదురెళ్ళాలని రాజావారి పంతం. నలుగురు పట్టి తోస్తే పాడె మోసినట్టుంటుందన్నారు. హ్యాండిలు వేసి తిప్పుదామా అంటే, అది బావిలో నీళ్ళు తోడినట్టుందని కొన్ననాడే దాన్ని ఎక్కడో పారేయించారు.

బ్యాటరీ ఎందుకు చచ్చిందో డ్రైవరు పైడయ్యకు తెలుసు. నిన్న సాయంత్రం రాజావారు తోటలో కారాపించి, కొత్తగా తెచ్చిన నెమలి పురివిప్పుతుందేమోనని దాని మీదికి రెండు గంటలు దీపాలు వేయించారు. నెమలి నిద్రపోయింది. బ్యాటరీ కూడా నిద్రపోయింది. ఈ సంగతి కోటలో అందరికీ తెలుసు, పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు. అందుచేత తప్పు పైడయ్యదేనని తేలిపోయింది.

తేల్చినవాడు దివాను లింగోజీరావు. ఆయనకొక మేనల్లుడున్నాడు, కొత్తగా డ్రైవింగు నేర్చాడు. నాలుగింటిలోపు కారు కదలకపోతే పైడయ్యను సాగనంపి ఆ కుర్రాణ్ణి పెట్టుకునేటట్టు రాజావారి చేత మాట తీసుకున్నాడు. పైడయ్యది పదహారేళ్ళ కొలువు. ఇంట్లో ఆరు నోళ్ళు ఆ స్టీరింగునే నమ్ముకున్నాయి.

పైడయ్య ఏడుస్తూ కూచోలేదు. మరో కారు పక్కన నిలబెట్టి రెండు బ్యాటరీలనూ వైర్లతో కలిపితే, దాని సత్తువతో ఇది లేస్తుందని మనవి చేశాడు. ఊళ్ళో ఉన్న మరో కారు దివానుదే. అడిగితే ఇవ్వడేమోనని పైడయ్య బెదిరాడు గానీ, దివాను సంబరపడిపోయాడు. ప్రభువుల కారుకు తన కారు ప్రాణం పోసిందని పదేళ్ళు చెప్పుకోవచ్చు కదా.

పైడయ్య రెండు బ్యాటరీల వోల్టులూ ఒకటేనని చూసుకున్నాడు. ఒకదానికొకటి తగలకుండా మూరెడు ఎడంలో కార్లు నిలిపి, రెండు ఇంజన్లూ ఆపి ఉంచాడు. ఎర్ర వైరుకు రెండు క్లిప్పులు, నల్ల వైరుకు రెండు. ఇక మొదలుపెట్టబోతుంటే దివాను మర్యాదల పుస్తకం తెరిచాడు.

కోటలో ఏ పనికైనా ఆదీ అంతం ప్రభువుల చేతి మీదుగా జరగాలట. అంచేత మొదటి క్లిప్పూ, ఆఖరి క్లిప్పూ రాజావారే స్వయంగా తమ బ్యాటరీకి తగిలించాలట.

మొదటిదానికి భయం లేదు. ఆఖరి క్లిప్పు తగిలేటప్పుడే నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ మీద మండే వాయువు పేరుకుని ఉంటే దానికి అంటుకుని, బ్యాటరీ పేలి, యాసిడ్ మొహాన పడుతుంది. అందుకే ఆఖరి నల్ల క్లిప్పును బ్యాటరీకి దూరంగా, ఇంజను ఇనుముకు తగిలిస్తారు. ఈ మాటే పైడయ్య చేతులు కట్టుకుని విన్నవించాడు.

దివాను నవ్వాడు. ప్రభువులు మసి ఇనుమును ముట్టుకోవాలా, నిప్పురవ్వకు జడుస్తారని నీ ఉద్దేశమా అని అడిగాడు. ఆ మాటతో రాజావారి మీసం లేచింది. బ్యాటరీకే తగిలిస్తానన్నారు.

పైడయ్యకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదంటే కొలువు పోతుంది, ఔనంటే రాజావారి కళ్ళు పోతాయి. పిచ్చి పంతాల మనిషే గానీ, పైడయ్యకు ఆయనంటే నిజంగానే ఇష్టం.

రాజావారు ఎర్ర క్లిప్పును తమ బ్యాటరీ ప్లస్సుకు తగిలించారు. ఎర్ర వైరు రెండో కొసను దివాను కారు ప్లస్సుకూ, నల్ల వైరు ఒక కొసను ఆ కారు మైనస్సుకూ పైడయ్య తగిలించాడు. మిగిలింది నాలుగో క్లిప్పు. రాజావారు చెయ్యి చాచారు. పైడయ్య క్లిప్పు ఇవ్వకుండా దివాను వైపు తిరిగాడు.

"పుస్తకం తమ చేతిలోనే ఉంది గదా బాబూ. ప్రభువులు ముద్ద నోట్లో పెట్టుకోకముందు ఎవరు రుచి చూడాలని రాసుంది?"

"దివాను. ముప్పై ఏళ్ళుగా నేనే చూస్తున్నాను," అన్నాడు లింగోజీరావు ఛాతీ విరుచుకుని.

"అయితే ఇదీ ముందు తమరే రుచి చూడండి బాబూ."

క్లిప్పు దివాను చేతిలోకి వచ్చింది. ఆయన బ్యాటరీ మీదికి వంగాడు. మళ్ళీ లేచాడు. రవ్వ ఎంత లేస్తుందని పైడయ్యను మెల్లిగా అడిగాడు.

"నానెప్పుడూ బ్యాటరీకి పెట్టలేదు బాబూ. పెట్టినోడు ఒకడున్నాడు. మొహం కట్టు ఇప్పినాక సెప్తానన్నాడు."

దివాను గబగబా పుస్తకం తిరగేశాడు. కారులో ఫలానా చోటనే తగిలించాలని ఇందులో లేదన్నాడు. ఇంజను కూడా కారులో భాగమే కాబట్టి ఇనుముకు తగిలిస్తే శాస్త్రం ఒప్పుకుంటుందన్నాడు. శాస్త్రం ఇంత తొందరగా ఒప్పుకోవడం కోటలో అదే మొదలు.

ఆయన మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి బారెడు చాచి, బ్యాటరీకి దూరంగా ఇంజను ఇనుముకు క్లిప్పు తగిలించాడు. చిటుక్కున రవ్వ లేచింది. దివాను అంతెత్తు ఎగిరాడు. తలపాగా మట్టిలో పడింది.

రాజావారు రవ్వ లేచిన చోటు చూశారు. తాము వంగుదామనుకున్న బ్యాటరీని చూశారు.

పైడయ్య దివాను కారు స్టార్టు చేసి అయిదు నిమిషాలు ఆగాడు. తర్వాత రాజావారి కారు మీట నొక్కాడు. ఇంజను గర్జించింది. ముందు ఇనుము మీది నల్ల క్లిప్పు, అలా ఎదురు వరసలో నాలుగూ విప్పేశాడు.

రాజావారు తమ చేతి గడియారం విప్పి పైడయ్య చేతికి తొడిగి, కారెక్కారు. అలవాటుగా పక్కన కూర్చోబోయిన దివానును చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"మీరు మీ మేనల్లుణ్ణి తీసుకుని ముందు నడవండి దివాన్జీ. స్టేషను దాకా దారి రుచి చూసి చెబితే, వెనకాల మేం వస్తాం."

కోట గుమ్మంలో కాపలావాళ్ళతో సహా అందరూ పకపకా నవ్వారు.