ఆనపబుర్రల మసేనమ్మ

అనగనగా అని మొదలుపెడితే మీరు ఆవులిస్తారు. అందుకని ఇలా చెబుతాను. తెప్పకి మూడు దుంగలు, దుంగకి మూడు కట్లు ఉన్న రోజుల్లో, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట మొగపేట అనే ఊరుండేది. ఇరవై పూరిళ్ళు. ఇంటికొక మగవాడు, మగవాడికొక తెప్ప.

ఆ ఊళ్ళో మసేనమ్మ అని ఒక పేదరాలు ఉండేది. ఆమెకి తెప్ప లేదు, వల లేదు, నా అన్న మనిషి లేడు. ఉన్నదల్లా ఆ ఇరవై ఇళ్ళకీ అవతల ఒక గుడిసె, గుడిసె మీదికి పాకిన ఆనపపాదు, ఊరందరికీ సరిపడా నోరు. ఆనపకాయంటే మీలో కొందరి ఇళ్ళలో సొరకాయ అంటారే, అదే.

ఆమె పెనిమిటి గురవయ్య ఒకప్పుడు మహా ఈతగాడు. ఒక గాలివానలో అతని తెప్ప కట్లు తెగిపోయాయి. ఈదుకుంటూ వచ్చాడు. ఒడ్డు మీదవాళ్ళ కేకలు వినబడేంత దగ్గరికి వచ్చాడు. అక్కడ చెయ్యి ఆడలేదు. మసేనమ్మ చూస్తుండగానే మునిగిపోయాడు, మళ్ళీ తేలలేదు.

"ఈత రాక పోనేదు మావోడు, సెయ్యి పీకి పోయాడు," అనేది మసేనమ్మ. "కూసింతసేపు పట్టుకోడానికి ఏదో ఒకటుంటే వచ్చీసేవోడే."

ఆ మరుసటి ఏడు ఆమె గుడిసె పక్కన ఆనపగింజ పెట్టింది. కాయలు కాశాయి. ఒక్కటీ కోయలేదు. అవి ముదిరి, తీగ మీదే ఎండి, గుల్లబారి, బుర్రలయ్యేదాకా కాపలా కాసింది. తరవాత ఒక్కో బుర్రనీ తీసుకుని చెవి దగ్గర పెట్టి ఊపింది. లోపల గింజలు గలగలమంటే బాగా ఎండినట్టు. వేలి కణుపుతో కొట్టింది. టంగుమంటే గట్టిదన్నట్టు. గోలెంలో నీళ్ళలో ముంచింది. బుడగ రాకపోతే పగులు లేనట్టు. ఊపి, కొట్టి, ముంచి, అప్పుడు దానికి తాడు కట్టి ఒక్కో మగవాడి చేతిలో పెట్టింది.

"నడుంకి కట్టుకో. తెప్ప నిన్నొగ్గీసినా ఇది ఒగ్గదు."

అలా ఏటేటా ఇరవై బుర్రలు. ఇరవై ఒకటోది కూడా ఒకటుండేది. దాన్ని ఎవరికీ ఇచ్చేది కాదు. గుడిసె గుమ్మానికి వేలాడగట్టి, "అది మా ఇంటాయనది," అనేది. పాతది చివికితే అక్కడే కొత్తది కట్టేది. పోయిన మనిషికి బుర్ర ఎందుకని అడిగే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. ఆ నోరలాంటిది మరి.

తెల్లవారి తెప్పలు నీళ్ళలోకి తోసే వేళకి ఒడ్డున నిలబడేది. ప్రతివాడి బుర్రా ఊపి చూసేది, కొట్టి చూసేది. ఇంట్లో మరిచిపోయి వచ్చినవాడికి ఆ పూట తిట్లే చద్దన్నం.

ఆ ఊళ్ళోనే పోలయ్య అని ఒకడున్నాడు. ఈతలో చేపని వెక్కిరించేవాడు. అతని పెళ్ళాం నీలమ్మకి మూడో నెల. నోటికి ఏదీ సయించక, ఒక పొద్దున్న మసేనమ్మ గుడిసె మీద లేతకాయలు నిగనిగలాడుతుంటే చూసింది. చూసిందంతే, నోరూరిపోయింది.

"అత్తా, ఒక్క కాయియ్యవా? పులుసెట్టుకుంటాను."

"ఇయ్యను."

మర్నాడు మళ్ళీ వచ్చింది. "అత్తా, సగం కాయైనా?"

"సగం కాయ సంద్రంలో తేల్దే."

మూడో రోజూ వచ్చింది. గుమ్మానికున్న బుర్ర చూపించి, "మావయ్యకి ఎలాగూ ఒకటుంది గదా, ఈ ఏటి కాయ నాకియ్యి," అంది.

మసేనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పాదు కిందికి లాక్కెళ్ళింది. "నెక్కెట్టు. ఊళ్ళో మగోళ్ళెంతమందో పాదు మీద కాయలన్నే, మా ఆయనతో కలిపి. అందులో ఏ ఇంటాయన కాయ కొయ్యమంటావు? నువ్వే సూపించు, కొస్తాను."

నీలమ్మ చూపించలేకపోయింది. ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్ళింది.

ఇంక చూడండి ఊరు! కడుపుతో ఉన్నదాని నోరు కొట్టిందన్నారు. పిల్లికి బిచ్చం పెట్టని ముండ అన్నారు. పోలయ్యకైతే ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాం ఏడుపు చూశాడు గానీ, ఎందుకేడ్చిందో పూర్తిగా అడగలేదు. మగవాళ్ళకది మామూలేగా.

నెలలు గడిచాయి. కాయలు ఎండాయి. పోలయ్యకీ బుర్ర ఇచ్చింది. అతను ఏం చేశాడంటే, దాని మెడ కోసి, గింజలు దులిపేసి, కల్లు పోసుకుని, పీచుతో బిరడా కొట్టాడు. ఆనపబుర్రలో కల్లు మహా బావుంటుంది. తెలియనట్టు చూడకండి, మీకూ తెలుసు.

మర్నాడు ఒడ్డున మసేనమ్మ ఆ బుర్ర ఊపింది. గలగల లేదు. కొట్టింది. టంగు లేదు. వాసన చూసింది.

"ఓరి పోలిగా! మెడ కోసీసినావేట్రా?"

"నాకీతొచ్చు సిన్నమ్మా. ఈ బుర్ర నా పెళ్ళానికి కూరకి రానేదు, నాకు కల్లుకైనా రానీ," అని నవ్వుతూ తెప్ప తోసేశాడు.

మసేనమ్మ వెనక్కి పరుగెత్తింది. ఆ వయసులో ఆ ఇసకలో పరుగంటే ఎలా ఉంటుందో ఆలోచించుకోండి. గుమ్మానికున్న గురవయ్య బుర్ర తెంపింది. పరుగులోనే ఊపింది, కొట్టింది. గుమ్మాన ఎండకి వేలాడిన దాన్ని మళ్ళీ ముంచి చూడ్డానికి వేళ లేదు. ఆ బుర్ర పట్టుకుని కెరటాల్లోకి దిగింది. మొదటి కెరటం పడేసింది. రెండోది గిర్రున తిప్పేసింది. మూడో కెరటానికి తెప్ప అంచు అందింది. పీకల్లోతు నీళ్ళు.

"కట్టుకుంటావా, నన్నిక్కడే ములిగిపోమంటావా?"

"ఒడ్డుకెల్లిపో సిన్నమ్మా! నోకం నవ్వుతాది."

"నవ్వనీ. నువ్వు కట్టీదాకా నానెల్లను."

చేసేది లేక పోలయ్య ఆ బుర్ర నడుముకి కట్టుకున్నాడు. ముసల్దాన్ని వదిలించుకోడానికే కట్టుకున్నాడు. ఎందుకు కట్టుకుంటేనేం, కట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఆకాశం మసిబట్టింది. దగ్గరలో ఉన్న పందొమ్మిది తెప్పలూ పడుతూ లేస్తూ ఒడ్డెక్కాయి. చేపల వెనక దూరం పోయిన పోలయ్య తెప్ప మాత్రం రాలేదు.

నీలమ్మకప్పుడు ఏడో నెల. ఒడ్డున వానలో కూలబడిపోయింది. మసేనమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. పొమ్మనలేదు నీలమ్మ. కాసేపటికి అడిగింది.

"అత్తా, నువ్విచ్చిన బుర్ర గట్టిదేనా?"

అబద్ధం చెబితే ఆ పిల్లకి ఆ పూటకైనా ధైర్యంగా ఉండేది. మసేనమ్మకి అబద్ధం రాదు. "ఊపి సూశాను. కొట్టి సూశాను. ముంచి సూడనేదమ్మా," అంది. ఇద్దరూ ఒకే కోక కప్పుకుని సముద్రం వైపే చూస్తూ కూర్చున్నారు.

అక్కడ పోలయ్య తెప్ప మూడు దుంగలూ మూడు దారులు పట్టాయి. దుంగలు చేతికందలేదు. కల్లుబుర్ర అందింది. వాటేసుకున్నాడు. పీచు బిరడా ఊడిపోయి, బుడబుడమంటూ నీళ్ళు తాగి, బుర్ర అడుక్కి పోయింది. ఈదాడు. ముందు చేతులు పోయాయి, తరవాత కాళ్ళు పోయాయి, ఆ తరవాత ధైర్యం పోయింది. నడుముకున్న బుర్ర మాత్రం పోలేదు. దాని మీద గడ్డం ఆనించి మిగిలిన పగలంతా, ఆ రాత్రంతా తేలాడు. అప్పుడతనికి గురవయ్య గుర్తొచ్చాడట. చెయ్యి పీకడమంటే ఏమిటో ఆ రోజే తెలిసిందట.

తెల్లవారాక ఏటి మొగ దగ్గర కెరటం అతన్ని తెచ్చి ఇసక మీద పడేసింది. నీలమ్మ అరిచిన అరుపుకి ఊరంతా వచ్చింది. పోలయ్య లేవలేక పాక్కుంటూ వెళ్ళి, నడుముకున్న బుర్ర విప్పి మసేనమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు.

"సిన్నమ్మా, బాబాయి బుర్ర."

మసేనమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టి ఊపింది. గలగలమంది.

"ఊపింది నాను, కొట్టింది నాను. ముంచి సూసింది గంగమ్మ తల్లి," అంది. ఆ తరవాత ఆ బుర్రని ఒళ్ళో పెట్టుకుని, గురవయ్య పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. "ఇన్నాళ్ళకి ఒడ్డుకొచ్చాడమ్మా మా ఇంటాయన," అంది.

ఆ బుర్ర ఆమే పగలగొట్టి, ఇరవై ఇళ్ళకీ గింజలు పంచింది. మరుసటి ఏడు ఊళ్ళో ఏ గుడిసె చూసినా ఆనపపాదే. కాయలు లెక్కకి మించి కాశాయి. అప్పుడు మసేనమ్మ తన పాదు మీది మొదటి లేతకాయ కోసి నీలమ్మ ఇంటికి వెళ్ళింది. నీలమ్మకి పుట్టిన పిల్ల అప్పటికే పాకుతూ గడప దాటుతోంది.

"ఇదిగోనే, పులుసెట్టుకో. ఆలీసమైపోనాది."

"ఆలీసమైతే అయింది అత్తా, నువ్వూ కూకో," అంది నీలమ్మ. ఇద్దరూ ఆ పూట పులుసన్నం తిన్నారు.

ఇంకా చాలా ఏళ్ళు బతికింది మసేనమ్మ, తిడుతూనే. ఆమె పోయిన రోజున వేటకి ఎవరూ వెళ్ళలేదు. మగవాళ్ళంతా బుర్రలు తెచ్చి, ఒక్కొక్కరూ ఆమె చెవి దగ్గర ఊపి వినిపించి, అప్పుడు మట్టి వేశారు. అందరికన్నా ఎక్కువసేపు ఊపింది పోలయ్యే.

ఇప్పుడు మొగపేటలో తెప్పలు లేవు. ఇంజను బోట్లొచ్చాయి, బుర్రల బదులు నారింజరంగు జాకెట్లొచ్చాయి. అయినా బోటులో ఐదుగురెక్కితే ఆరు జాకెట్లుంటాయి. ఆరోది మసేనమ్మ ఇంటాయనది. తెచ్చుకోనివాడెవడైనా ఉంటే వాడికిస్తారు, ఇచ్చేముందు నాలుగు తిడతారు. కడుపుతో ఉన్న ఆడపిల్ల ఏ పాదు మీది ఆనపకాయ కోసుకున్నా ఎవరూ ఏమీ అనరు.

ఇంకొకటుంది. బోటు తోసేముందు ప్రతివాడూ జాకెట్టు చెవి దగ్గర పెట్టి ఊపుతాడు. అందులో గింజలుండవు, గలగలుండదు, అయినా ఊపుతాడు.

"ఏటి ఇనబడతంది?" అని అడుగుతాడు చుక్కాని దగ్గరున్న పెద్దాయన.

"మసేనమ్మ తిడతన్నాది."

"తిడతన్నాదా? అయితే పరవానేదు, తొయ్యండి."