చేతులు మారిన తుపాకి

“రేపు తెల్లారగానే దస్తగీరు కార్ఖానాకి తాళం వేయించండి! అక్కడున్న తుపాకులన్నీ కరిగించి గుడిగంటలు పోయించండి!”

మేఘాలగిరి మహారాజు కోదండభూపతి ఇంత గట్టిగా అరిచింది ఒక మట్టికుండ మీద కోపంతో.

మహారాజుకి తుపాకులంటే ప్రాణం. ప్రతి ఆదివారం సాయంత్రం తనలాంటి గురి పిచ్చివాళ్ళను పోగుచేసి, కోట వెనక మైదానంలో చింతకొమ్మకి కుండ వేలాడగట్టి కాల్పించేవాడు. తర్వాత అందరూ డేరా కింద చేరి, వేడివేడి పకోడీలు తింటూ రైఫిళ్ళ కబుర్లు చెప్పుకునేవారు. ఏ తుపాకి భుజాన్ని తంతుంది, దేని గొట్టం నిటారుగా ఉంటుంది, ఏది ఎవరి చేతిలో తయారైంది... సొంత పిల్లలు ఏ తరగతి చదువుతున్నారో తెలియకపోయినా, రైఫిలు పుట్టుపూర్వోత్తరాలు మాత్రం వాళ్ళు గుక్కతిప్పుకోకుండా చెప్పగలరు.

ఆ గుంపులో పెద్ద నోరు సూరపరాయుడిది. కళ్ళు మూసుకుని వాసన చూసి తుపాకి జాతకం చెబుతానంటాడు. ఆయన బావమరిది మద్రాసులో సీమ తుపాకులు అమ్ముతాడన్న సంగతి మాత్రం ఎక్కడా అనడు.

ఆ నెలలో డేరా కింద ఒకటే కబురు. ‘పిడుగు’ గుర్తు రైఫిళ్ళు చేయించే దస్తగీరు సాయిబు, చూపు మందగించడంతో కార్ఖానాని కనకయ్య శెట్టి అనే పత్తి వ్యాపారికి అమ్మేశాడు. ఆ రోజు మహారాజు చేతిలో ఉన్నది శెట్టి పంపిన మొదటి తుపాకి.

కాల్చాడు. కుండ కదల్లేదు. చెవి పక్కన రాయుడు కొత్త యజమానిని ఆడిపోసుకుంటూనే ఉన్నాడు. మహారాజు మళ్ళీ కాల్చాడు. ఈసారి గాలికి కదిలింది.

“నేను ముందే మనవి చేశాను మహాప్రభూ!” అన్నాడు రాయుడు, అందరూ డేరా కింద చేరగానే. “పత్తి అమ్ముకునేవాడికి తుపాకి గొడవెందుకు? గుండు కూడా దూదిలా తేలిపోతోంది! మద్రాసు నుంచి మంచివి తెప్పించుకుందాం.”

తన గురి తప్పలేదు, తుపాకే పాడైంది అనేసరికి మహారాజుకి ఎంతో హాయిగా అనిపించింది. అందుకే ఆ తాళం ఉత్తరువు.

మహారాజు వెనక తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడ్డ నాంచారమ్మ ఆ మాట వింది. ఆమె అన్న అప్పలస్వామి ఆ కార్ఖానాలోనే గొట్టాలు తొలుస్తాడు. తాళం పడితే కమ్మరివీధిలో ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగదు. కానీ దొర కోపంలో ఉన్నప్పుడు కాదంటే పని చెడుతుందని ఆమెకి తెలుసు. ఆకుకి సున్నం రాస్తూ మెల్లగా అంది.

“రాయుడుగారు చెప్పింది నిజమే దొరా. చేతులు మారిన సరుకు పాడేనండి.”

రాయుడు పొంగిపోయాడు. “చూశారా! నాంచారికి కూడా తెలిసిపోయింది!”

“నాకేం తెలుసు బాబూ, మీరంటే విన్నాను. తుపాకులేనా, తోటలు కూడా అంతేనా అండీ?”

“తోటలూ అంతే! యజమాని మారితే మామిడిపండు కూడా పులుస్తుంది!”

“గుర్రాలో?”

“కుంటుతాయి!”

“మరి కొనుక్కున్నది కాకుండా, పెదనాన్న పోయాక అబ్బాయికి వచ్చిందనుకోండి?”

“అది మరీ పాడు!” రాయుడు తొడ చరిచాడు. “కష్టపడకుండా దక్కినదాని విలువ ఎవడికి తెలుస్తుంది?”

నాంచారమ్మ చిలక చుట్టడం ఆపి, అమాయకంగా కళ్ళెత్తింది.

“నిరుడు పెదనాన్నగారు పోయాకే కదండీ మన దొరవారికి మేఘాలగిరి వచ్చింది. మరిప్పుడు రాజ్యం ఎలా ఉందంటారు?”

డేరా కింద పకోడీ నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. మహారాజు మీసం మీద చెయ్యి వేసి రాయుడి వైపు తిరిగాడు.

రాయుడు గబగబా అందుకున్నాడు. “అది... రాజ్యం సంగతి వేరు మహాప్రభూ! తమరొచ్చినా దివాణం అదే, సిపాయిలు వాళ్ళే, పొలం దున్నే రైతులూ వాళ్ళే! పనిచేసే చేతులు మారనప్పుడు ఎందుకు పాడవుతుంది? పైపెచ్చు తమ చలవతో ఇంకా వృద్ధిలోకి వచ్చింది!”

నాంచారమ్మ రెండు చేతులూ జోడించింది.

“బాబ్బాబు, ఆ మాటే కార్ఖానా గురించి కూడా చెప్పండి! శెట్టి వచ్చినా కొలిమి అదే, కమ్మర్లూ వాళ్ళే!”

ముందు మహారాజే పకపకా నవ్వాడు. ఆ వెంటనే డేరా అంతా నవ్వింది.

“సరే నాంచారీ, తాళం వద్దులే,” అన్నాడు మహారాజు, ఇంకా నవ్వుతూనే. అంతలో ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. “తుపాకి మంచిదైతే, కుండ ఎందుకు పగల్లేదు? తప్పు నా గురిదే అంటావా?”

నాంచారమ్మ తడుముకోలేదు.

“తుపాకి తప్పూ కాదు, దొరవారి తప్పూ కాదు. చెవి పక్కన రాయుడుగారు అంతసేపు వాగుతుంటే, ఏ గుండు మాత్రం తిన్నగా పోతుందండీ?”

మహారాజు కళ్ళు మెరిశాయి. “అయితే ఆయన నోటికి తాళం వెయ్యి!”

నాంచారమ్మ అరచేతిలో పట్టనంత పెద్ద కిళ్ళీ చుట్టి, ఎంతో మర్యాదగా రాయుడి నోట్లో కుక్కింది. మైదానం నిశ్శబ్దమైపోయింది. మహారాజు డేరా బయటికి వచ్చి, అదే తుపాకి భుజానికి ఆనించి, నిదానంగా గురి చూసి పేల్చాడు.

కుండ పెంకులు చింతచెట్టు కింద జలజలా రాలాయి.

మహారాజు ఆనందం పట్టలేక చేతి కంకణం తీసి నాంచారమ్మకి ఇచ్చాడు. కోట సిపాయిలందరికీ కొత్త తుపాకులు శెట్టి కార్ఖానాలోనే చేయించమని అక్కడికక్కడే చెప్పాడు.

అందరికంటే ముందు తానే మెచ్చుకోవాలనుకున్న సూరపరాయుడు “భేష్!” అనబోయాడు. కిళ్ళీ రసం కాస్తా తెల్లటి జరీకోటు మీద బొడ్డుదాకా కారింది. ఆ సాయంత్రం డేరా కింద మరి ఎవరూ రైఫిళ్ళ మాట ఎత్తలేదు. నవ్వు ఆగితే కదా!