ఓబులక్క చెయ్యి

వినండి, చిన్నోళ్లూ పెద్దోళ్లూ. మా అవ్వ పుట్టకముందు, ఆమె అవ్వ కూడా పుట్టకముందు, గుట్ట కింద ఒక పల్లె ఉండేది. ఏ ఇంటి వెనక చూసినా టమాటా పెరడే. ఆ పల్లెలో ఓబులక్క వెదురు బుట్టలు అల్లి బతికేది. ఆమెకు పెరడు లేదు. ఒక్క మొక్క కూడా లేదు.

ఒక ఏడు పచ్చపురుగు పడింది. మొదటి రోజు ఆకు తినింది. రెండో రోజు పువ్వు తినింది. మూడో రోజు కాయకు బొక్క పెట్టి లోపలికి దూరింది. నిగనిగలాడే పండును కోస్తే లోపలంతా కుళ్లు, నడుమ పురుగు! ఊరు ఊరంతా రచ్చబండ దగ్గర చేరింది.

ఊరిపెద్ద రెడ్డెప్ప కేకలేసినాడు. "ఇంక లాభం లేదు. చెట్లన్నీ పీకి కాల్చేద్దాం!"

ఓబులక్క ముందుకొచ్చింది. "మూడు రోజులు ఆగయ్యా. నేను ఏరతా."

"నీకు చెట్టే లేదు. నీకేం పనే?"

"కాయల్లేకుంటే నా బుట్టల్లో ఏం పోస్తారయ్యా?"

పొద్దున్నే ఉప్పునీళ్ల ముంత పట్టుకుని దిగింది. ఆకు తిప్పింది, పురుగు ఏరింది, ముంతలో వేసింది. ఆకు తిప్పింది, పురుగు ఏరింది, ముంతలో వేసింది. బొక్కపడిన కాయలు కోసి దూరంగా గుంటలో పూడ్చింది. మాపటికి సాళ్ల మధ్య ఎండుకొమ్మలు గుచ్చింది.

"ఇవెందుకే?" అన్నారు జనం.

"పిట్టలు వాలనీండి. అవీ ఏరతాయి."

జనం నవ్వినారు. "పురుగు చాలదని పిట్టల్ని కూడా పిలుస్తోంది!"

మొదటి రోజు పైవీధి అయింది. రెండో రోజు కిందివీధి అయింది. టమాటా పసరు అంటుకుని ఆమె చేతులు మోచేతి దాకా నల్లబడినాయి. మూడో రోజుకు రెడ్డెప్ప పెరడు ఒక్కటే మిగిలింది. పొద్దు వాలకముందే ఆయన కొరివి పట్టుకుని వచ్చినాడు.

"గడువు అయిపోయింది, లెయ్."

"ఒక్క సాలేనయ్యా."

గుబురులోకి చెయ్యి పెట్టింది. "అమ్మా!" అని వెనక్కు లాక్కుంది. అందరూ ఉరికి వచ్చి చూసినారు. చెయ్యంతా నలుపే, గాయమేమీ కనబడలేదు.

"కంపముల్లేలే" అన్నాడు రెడ్డెప్ప.

"ముల్లే అయ్యుంటుంది" అంది ఓబులక్క. ఆకు తిప్పింది, పురుగు ఏరింది, ముంతలో వేసింది. సాలు చివరికి పోయింది. అక్కడ కూలబడింది. నోట నురగ వచ్చింది. మళ్లీ లేవలేదు.

ఆడోళ్లు నీళ్లు తెచ్చి ఆ చెయ్యి కడిగినారు. పసరు పోయింది. మణికట్టు మీద రెండు గాట్లు బయటపడినాయి. పాము కాటు!

రెడ్డెప్ప చేతిలో కొరివి జారి కింద పడింది. "ముల్లన్నానే... నేనే ముల్లన్నానే..." అనుకుంటూ మట్టిలో కూర్చుండిపోయినాడు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేకపోయినారు.

తెల్లారి ఆమెను మొయ్యడానికి వచ్చినోళ్లు నిలువునా ఆగిపోయినారు. ఎండుకొమ్మల నిండా గోరింకలు, నల్లపిట్టలు! దిగి పురుగును పట్టేది, కొమ్మెక్కి మింగేది. ఆ ఏడు ఊరికి కాయ దక్కింది.

ఇప్పటికీ ఆ పక్క పల్లెల్లో టమాటా నాటితే సాళ్ల మధ్య మూడు ఎండుకొమ్మలు గుచ్చుతారు. చెట్టు కింద చెయ్యి పెట్టేముందు కర్రతో ఆకు కదిలించి, "ఓబులక్కా, నేనొస్తుండా" అంటారు. ఏరేవాళ్లలో ఎవరన్నా "అబ్బా" అంటే చాలు, ముల్లు అనే మాట ఎవరూ ఎత్తరు. పని ఆపి, ముందు ఆ చెయ్యి కడుగుతారు.