గుడ్డ కప్పిన బ్లాక్

నీలవేణికి ఎటూ తేలడం లేదు. రోజూ తను నడిపే పాత కారుకి కొత్త ఇంజను కడుతోంది. దాని బ్లాక్, అంటే సిలిండర్లుండే పెద్ద దిమ్మ, ఇనుముది పెట్టాలా, అల్యూమినియంది పెట్టాలా?

సగం వీడియోలు చూసి, సగం ఆటోనగర్‌లో జిలానీ ఉస్తాద్ దగ్గర లారీ ఇంజన్లు విప్పి నేర్చుకున్న పిల్ల. అల్యూమినియం అయితే కారు ముందుభాగం బరువు తగ్గుతుంది, మలుపులో కారు మాట వింటుంది. మనసంతా అటే. అలాంటిదొకటి ఉస్తాద్ దగ్గరే ఉంది. ఏళ్లుగా మెత్తటి గుడ్డ కప్పి దాచాడు. ఎవరడిగినా ఇవ్వలేదు.

"నాకివ్వండి ఉస్తాద్. ఇంత బతిమాలించుకోడానికి అదేమన్నా పెళ్లికూతురా?"

"పందేలకా, రోడ్డుకా?"

"రోడ్డుకే. ఎండలో, ట్రాఫిక్‌లో, రోజూ."

ఆయన గుడ్డ తీశాడు. ఓ బోల్టు చేతికిచ్చాడు. "ఇది ఈ బ్లాక్‌కి బిగించు."

ఇంతేనా అనుకుంది. లారీల ఇనుప బ్లాకులకి అలవాటైనట్టే పానా పిడికి పొడవాటి పైపు తొడిగి, ఒంటి బరువంతా వేసి లాగింది. బోల్టు ఒక్కసారిగా వదులైపోయింది. పైపు జారి చెయ్యి బల్లకి కొట్టుకుంది. బోల్టు బయటికి తీస్తే, లోపలి మెత్తటి అల్యూమినియం మర వెండి పొట్టులా దాంతోపాటే ఊడొచ్చింది.

"చెయ్యి చూపించు," అన్నాడు ఉస్తాద్.

"మర పోయింది ఉస్తాద్..."

"మర సంగతి తర్వాత. చెయ్యి చూపించు బేటీ."

వేలి కణుపులు చెక్కుకుపోయాయి. కడిగి, ఆ మెత్తటి గుడ్డ అంచు చింపి కట్టాడు. తర్వాత ఆమెను లైటు పట్టుకోమని, పాడైన రంధ్రాన్ని నెమ్మదిగా తొలిచి, స్ప్రింగులాంటి ఉక్కు మర ఎక్కించాడు. సాయంత్రమైంది. ఒక్క మాట అనలేదు. ఆమెకి అదే కష్టంగా ఉంది.

"తిట్టండి ఉస్తాద్."

"తిడితే మర వస్తుందా?"

మళ్లీ అదే బోల్టు ఆమె ముందు పెట్టాడు.

"పోనీ చెప్పండి. ఏది పెట్టను? ఇనుమా, ఇదా?"

"ముందు నీ చేతిలోది పక్కన పెట్టు."

చూసుకుంది. లైటు దించిన చేత్తో ఎప్పుడు అందుకుందో, పైపు చేతిలోనే ఉంది.

దాన్ని మూలకి చేర్చింది. గోడకి టార్క్ రెంచి వేలాడుతోంది. చాలినంత బిగియగానే టక్కుమని చెప్పే రెంచి. ఆ షెడ్డులో దాన్ని ఎవరూ ముట్టరు, చిన్నపిల్లల బొమ్మ అని తనే నవ్వేది. దించి, దుమ్ము తుడిచి, కొలత పెట్టి మెల్లగా లాగింది.

టక్కుమంది. చెయ్యి అక్కడే ఆగింది.

ఉస్తాద్ మిగిలిన గుడ్డ మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ బ్లాక్‌కిక గుడ్డ అక్కర్లేదు. రేపు కట్టు మార్చుకో బేటీ."