ముత్యాలదీవికి వెయ్యి బస్తాలు

వేలగిరి రాజు ప్రతాపభూపతికి ఒకనాటి ఉదయం దానం చెయ్యాలనిపించింది. ఊళ్ళోవాళ్ళకి పెడితే ఊళ్ళోనే పేరొస్తుంది. ఆయనకి సముద్రాలు దాటి వెళ్ళే దానం కావాలి.

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు చంద్రవల్లి అనే ముసలి వైద్యురాలు రేవులో ఓడ దిగి సభకి వచ్చింది. ఆమెది సప్తద్వీప ధర్మసంఘం. ఏడు దేశాల వైద్యులూ, వంటవాళ్ళూ, పడవవాళ్ళూ కలిసి పెట్టుకున్నది. ఏ దేశంలో ఆపద వస్తే అక్కడికి వెళ్ళి ఆదుకుంటుంది.

"తుఫానుకి ముత్యాలదీవిలో ఒక్క ఇల్లు మిగల్లేదు మహారాజా. బియ్యం కావాలి, మందులు కావాలి, కట్టుకోను బట్టలు కావాలి. ఎల్లుండి తెల్లవారి పోటుకి ఓడ కదలాలి. అది దాటితే మళ్ళీ పదిహేను రోజులు ఆగాలి. అక్కడ పిల్లలు కొబ్బరిపీచు నములుతున్నారు" అంది.

"వెయ్యి బస్తాలు ఇస్తాం! కాని ఏడు దేశాల్లోనూ మా పేరు మారుమోగాలి. ఎలా ఇవ్వాలో చెప్పండి" అన్నాడు రాజు.

దానాధికారి గుండామాత్యుడు ఉత్తరీయం సర్దుకుని లేచాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి ఎవరికీ పిడికెడు గింజలు విదల్చలేదు గాని, దానం ఎలా చెయ్యాలో ఆయనకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు.

"పుచ్చుకునేవాడికి నిజంగానే ఆకలేస్తోందని ముందు ఇద్దరు పెద్దమనుషులు సాక్ష్యం చెప్పాలి ప్రభూ. తర్వాత వాడు తమ ముప్పైరెండు బిరుదులూ తప్పు లేకుండా అప్పజెప్పాలి. ఆపైన దోసిలి పట్టి నవ్వుతూ నిలబడితే మన చిత్రకారుడు బొమ్మ గీస్తాడు. బొమ్మ ఆరాక బియ్యం."

"భేష్!" అని రాజు తొడ చరిచాడు.

ఇదంతా తాటాకు మీద రాస్తున్నవాడు ఆస్థాన లేఖరి కొమ్మన. 'బొమ్మ ఆరాక' దగ్గర అతని గంటం ఆగింది.

"అయ్యా, బొమ్మ ఎంతసేపటికి ఆరుతుందండీ?"

"ఎండని బట్టి."

"అక్కడ ఇంకా వానేనటండీ."

"రాయమన్నది రాయవయ్యా. లేఖరికి చెయ్యుంటే చాలు, నోరెందుకు?"

కొమ్మన నోరు మూసుకుని రాశాడు. రాజు ముద్ర వేశాడు.

సభ ముగిశాక చంద్రవల్లి మంటపం మెట్ల మీద కూలబడి ఉంది. కొమ్మనని చూసి, "నాయనా, నాలుగు రోజులు తిండి లేనివాడు నవ్వుతూ ఎలా నిలబడతాడు?" అని అడిగింది.

ఆ మాట రాసింది కొమ్మన చెయ్యే. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం దాన మహోత్సవం పేరిట విందు జరిగింది. దానం ఇంకా గిడ్డంగి గడప దాటలేదు గాని, విందులో మాత్రం పద్దెనిమిది రకాలు వడ్డించారు. చంద్రవల్లి విస్తరి ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గుండామాత్యుడికి అలాంటి ఇబ్బందులేమీ లేవు. గోంగూర పచ్చడిలో పండుమిరపకాయ ఉందని చూసుకోకుండా పెద్ద ముద్ద నోట్లో పెట్టాడు. మరుక్షణం కళ్ళు ఎర్రబడ్డాయి. ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

"నీళ్ళు! హిక్! నీళ్ళు!"

కొమ్మన లేచి, వడ్డించేవాడి చేతిలోంచి చెంబు అందుకున్నాడు. గుండామాత్యుడి ముందుకి వచ్చి, చెయ్యి చాపినా అందనంత దూరంలో ఆగాడు.

"తమకి నిజంగానే దాహంగా ఉందా అండీ?"

"కనపడ్డం లేదూ! హిక్!"

"నాకు కనపడితే సరిపోదండి. ఇద్దరు పెద్దమనుషులు చెప్పాలి."

పక్కనున్న ఇద్దరూ గాభరాగా "దాహమే, దాహమే" అన్నారు.

"మంచిది. ఇక ప్రభువుల బిరుదులు సెలవివ్వండి. ముప్పైరెండూ."

గుండామాత్యుడు రాజు వైపు బేలగా చూశాడు. చేసేది లేక మొదలుపెట్టాడు. "రణరంగభీ... హిక్... రణరంగభీరు..."

"భీరుడు కాదండీ, భీముడు. మళ్ళీ మొదటినుంచి. కాస్త నవ్వుతూ."

"ఏమిటయ్యా ఈ ఆగడం?" అని గద్దించాడు రాజు. కొమ్మన చెంబుతోనే వంగి దణ్ణం పెట్టాడు.

"నిన్న తమరు ముద్ర వేసిన దానపద్ధతే ప్రభూ. నీళ్ళకి వర్తించదని అందులో ఎక్కడా లేదు. రాసింది నేనే కదా!"

రాజు ఒక్క క్షణం నిర్ఘాంతపోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. పంక్తి అంతా నవ్వింది. చంద్రవల్లి ఒక్కతే నవ్వలేదు. ఆమె ముట్టని విస్తరి మీద రాజు చూపు పడింది. ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది.

"ముందు ఆయనకి నీళ్ళివ్వు. తర్వాత ఆ తాటాకులు పట్టుకెళ్ళి పొయ్యిలో పెట్టు" అన్నాడు. అంతలోనే కొంచెం బెంగగా, "అది సరే గాని కొమ్మనా, మరి నా పేరు వాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు.

"ఆకలితో ఉన్నవాడు ఏం తెచ్చారని అడుగుతాడు ప్రభూ. కడుపు నిండాక, ఎవరు పంపారని వాడే అడుగుతాడు."

పొద్దు గూకకముందే వెయ్యి బస్తాలూ, మందుల పెట్టెలూ, బట్టల మూటలూ ఓడకెక్కాయి. పని చకచకా సాగడానికి ముఖ్య కారణం, గుండామాత్యుడు గొంతు మంటతో ఇంట్లో పడుకోవడం. తెల్లవారి పోటుకి చంద్రవల్లి తెరచాప ఎత్తించింది.

రేవులోనే రాజు తన మెడలో ముత్యాలహారం తీసి కొమ్మనకి ఇచ్చాడు. కొమ్మన కళ్ళకద్దుకుని భద్రంగా రొంటిన దోపుకున్నాడు.

"అదేమిటయ్యా! అంత ధర్మం చెప్పినవాడివి, దాన్ని కూడా ఓడలో వేస్తావనుకున్నానే!" అన్నాడు రాజు కొంటెగా.

"ఓడ సముద్రం దాటితే చాలు ప్రభూ. నేను మా ఇంటి గడప దాటాలి!"

రాజు నవ్విన నవ్వుకి రేవులో కొంగలన్నీ లేచిపోయాయి. "అయితే మీ ఆవిడకి విడిగా ఇంకొకటి" అంటూ చేతి కంకణం కూడా తీసి ఇచ్చాడు.