పిడి లేని కారు

కొలనువీడు రాజు మార్తాండ భూపతికి నెలకోసారి ఏదో ఒక దానిమీద మనసు పడుతుంది. ఈసారి కరెంటు కారు మీద పడింది.

పన్నెండు కార్లు చేయమని ఆస్థాన శిల్పి చిత్రభానుడికి చెప్పాడు. అవి రాజ్యంలోని పన్నెండుమంది మంత్రసానులకు ఇస్తానన్నాడు. పోయిన నెల కొండ కింది పల్లెలో ఒక మంత్రసాని, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఎత్తుకుని వైద్యశాలకు నడిచింది. దారి మూడు కోసులు. బిడ్డ రెండు కోసులే బతికాడు.

చిత్రభానుడు నమూనా కారు తెచ్చి సభ ముందు నిలబెట్టాడు. తామరమొగ్గలా నున్నగా ఉంది. తలుపుకు పిడి లేదు. లోపల ఒక్క మీటా లేదు. ఆడవాళ్ళకు కనుక లేత గులాబీ రంగు వేశాడు. ముఖం చూసుకోవడానికి రెండు అద్దాలు అదనంగా పెట్టాడు. మందుల పెట్టెకు చోటు మరిచిపోయాడు.

"ఎలా ఉంది, నాంచారమ్మా?" అని రాజు అడిగాడు.

నాంచారమ్మ మంత్రసానుల పెద్ద. రాజుగారి మనవడు పుట్టి తొమ్మిది రోజులైంది. అప్పుడే వాడికి నీళ్ళు పోసి, ఎత్తుకుని సభకు వచ్చింది.

"బొమ్మలా ఉంది మహాప్రభూ. తలుపెలా తీయాలి?"

"అరచేయి ఆనిస్తే చాలు," అన్నాడు చిత్రభానుడు. "పిడి పెడితే గాలికి అడ్డు. బ్యాటరీ తొందరగా అయిపోతుంది."

"పిడి లేకపోతే ఎంత దూరం కలిసొస్తుంది అయ్యగారూ?"

"నూరు కోసులకు అర కోసు."

"చేతులు ఖాళీగా లేకపోతే?"

చిత్రభానుడు సభవైపు తిరిగాడు. "ఆడవాళ్ళకు కొత్తదంటే భయం ప్రభూ. రెండు రోజులు నేర్పిస్తే అదే అలవాటవుతుంది."

సభ నవ్వింది. సభికులందరూ మగవాళ్ళే.

"లోపముంటే చూపించు నాంచారమ్మా," అన్నాడు రాజు. "లేదంటే ఈ నమూనాకే ముద్ర వేస్తాను. పన్నెండూ ఇలాగే వస్తాయి."

"నాకేం తెలుసు ప్రభూ. శిల్పిగారే నేర్పాలి. అయ్యగారూ, కాస్త బాబును పట్టుకుంటారా?"

నిండు సభలో రాజుగారి మనవణ్ణి ఎత్తుకోవడమంటే మాటలా! చిత్రభానుడు రెండు చేతులూ చాచాడు.

ఉయ్యాలలో వేసే రోజుదాకా వారసుణ్ణి చేతుల్లోంచి దించకూడదన్నది ఆ కోట ఆచారం. ఆ చేతులు ఎవరివై ఉండాలో ఆచారం చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఆడవాళ్ళవే అయ్యాయి.

"ఇప్పుడు మీరే మంత్రసాని," అంది నాంచారమ్మ. "బిడ్డకు ఊపిరి సరిగా ఆడటం లేదు. వైద్యశాల మూడు కోసులు. పదండి."

చిత్రభానుడు కారు తలుపుకు మోచేయి ఆనించాడు.

"దయచేసి అరచేయి ఉంచండి," అంది కారు తీయగా.

మోకాలు ఆనించాడు.

"దయచేసి అరచేయి ఉంచండి."

ద్వారపాలకుడు సాయానికి కదిలాడు.

"వద్దు నాయనా," అంది నాంచారమ్మ. "మా వెంట నువ్వు రావు కదా."

చిత్రభానుడు చెమటలు కక్కుతూ బాబును ఒక చేతిమీదికి జరుపుకున్నాడు. బాబు సరిగ్గా అప్పుడే పని కానిచ్చాడు. తడిచేయి తలుపుకు తగిలింది.

"ఈ చేయి ఎవరిదో తెలియడం లేదు. తుడుచుకుని మళ్ళీ రండి," అంది కారు.

"ఇంకెంతసేపయ్యా?" అన్నాడు రాజు.

"ఒక్క నిమిషం ప్రభూ."

"ఈపాటికి బిడ్డ నీలమైపోయుంటాడు," అంది నాంచారమ్మ.

సభ నవ్వడం మానేసింది. రాజు సింహాసనం దిగి వచ్చి, నున్నటి ఆ తలుపును పైనుంచి కిందిదాకా చూశాడు.

"అయితే కారులో లోపం ఉన్నట్టేనా?"

"అబ్బే, కారులో ఏ లోపమూ లేదు మహాప్రభూ. మంత్రసానికే ఒక చేయి తక్కువ."

ముందు రాజు నవ్వాడు. తర్వాత సభ నవ్వింది. ఎందుకు నవ్వాలో ఈసారి దానికి తెలిసింది.

"ఏం బహుమతి కావాలో కోరుకో."

"కార్లు ఎలా ఉండాలో మేం పన్నెండుమందిమీ చెబుతాం ప్రభూ. శిల్పిగారు రాసుకుంటారు."

రాజు సరేనన్నాడు. చిత్రభానుడు కూడా రాసుకుంటానన్నాడు. కాకపోతే, ముందు బాబును ఎవరైనా అందుకోమన్నాడు.